ఎవరు చూశారు? ఎన్ని చేతులు మారింది?

1842 మే 14, శనివారం. ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ అనే కొత్త వారపత్రిక లండన్‌లో అమ్మకానికి వచ్చింది. 16 పేజీలు, 32 బొమ్మలు, ధర 6 పెన్నీలు. మొదటి పేజీలోనే జర్మనీ రేవుపట్నం హాంబర్గ్ తగలబడిపోతున్న దృశ్యం. అగ్నిప్రమాదం నిజమే. మే 5న అంటుకున్న మంటలు నాలుగు రోజుల్లో ఆ ఊళ్లో పెద్ద భాగాన్ని బూడిద చేశాయి. బొమ్మ గీసినవాళ్లు మాత్రం హాంబర్గ్ గడప తొక్కలేదు. బ్రిటిష్ మ్యూజియంలో దొరికిన ఆ నగరపు పాత చిత్రం ఒకటి తీసుకుని, దానికి మంటలూ పొగా జోడించి అచ్చుకు పంపేశారు. ఆ పత్రిక పుట్టుకను దగ్గరుండి చూసిన హెన్రీ విజెటెల్లీ, యాభై ఏళ్ల తర్వాత రాసుకున్న జ్ఞాపకాల్లో ఈ సంగతి బయటపెట్టాడు. ఆ శనివారం పత్రిక కొన్నవాళ్లకు ఇదేమీ తెలియదు. తొలి సంచిక 26,000 ప్రతులు చెల్లిపోయింది.

ఈ ఒక్క ఉదంతాన్ని పట్టుకుని, వార్తాచిత్రం పుట్టుకే అబద్ధంతో మొదలైందని తేల్చేయడం తేలిక. ఆ తీర్పు తొందరపాటని నేననుకుంటాను. ఆ కాలపు బొమ్మల పత్రికలు తెచ్చిన అసలు మార్పు లోకాన్ని ఉన్నదున్నట్టు చూపించడం కాదు, అది వాటివల్ల అయ్యే పనీ కాదు. ‘అక్కడ మా మనిషి నిలబడి చూశాడు, అతను చూసిందే మీ ముందు పెడుతున్నాం’ అని పాఠకుడికి మాట ఇవ్వడమే ఆ మార్పు. ఆ మాట మొదటి వారమే తప్పింది. ఆ తర్వాతి అర్ధశతాబ్దం, దాన్ని ఎంతవరకు నిలబెట్టుకోగలిగారు, ఎక్కడ చేతులెత్తేశారు అన్న కథ. అందుకే ఆ బొమ్మల్ని తూచాలంటే అవి చేత్తో గీసినవా, కెమెరాతో తీసినవా అని అడిగితే సరిపోదు. ఎవరు చూశారు, చూసినచోటి నుంచి పాఠకుడి దాకా బొమ్మ ఎన్ని చేతులు మారింది, ఏ చేతిలో ఏం మారింది అని అడగాలి.

పత్రిక పెట్టిన హెర్బర్ట్ ఇంగ్రామ్ చిత్రకారుడు కాదు, రచయితా కాదు. లింకన్‌షైర్‌లోని బోస్టన్‌లో 1811లో పుట్టి, నాటింగ్‌హామ్‌లో అచ్చుపనీ పత్రికల అమ్మకమూ చేసుకుంటూ, ‘పార్స్ లైఫ్ పిల్స్’ అనే మాత్రలు అమ్మి డబ్బు కూడబెట్టిన వ్యాపారి. కొట్లో కూర్చున్నవాడికి ఒక విషయం స్పష్టంగా కనిపించింది. మామూలు పత్రికల్లో ఎప్పుడో ఒక హత్య కేసుకో పెద్ద ప్రమాదానికో బొమ్మ వేస్తే ఆ వారం ప్రతులు నిమిషాల్లో అయిపోయేవి. మరి ప్రతివారం, ప్రతి వార్తకూ బొమ్మ వేస్తే? చవకగా బొమ్మలు అచ్చువేయవచ్చని అప్పటికే రుజువైంది. ఛార్లెస్ నైట్ 1832లో మొదలుపెట్టిన ‘పెన్నీ మ్యాగజీన్’ ఒక్క పెన్నీకే జంతువుల, కట్టడాల, యంత్రాల బొమ్మలతో లక్షల ఇళ్లకు చేరింది. అయితే అందులో వార్తలుండేవి కావు, వార్తలు వేస్తే ప్రతి కాపీ మీదా ప్రభుత్వానికి స్టాంపు పన్ను కట్టాలి. 1836లో ఆ పన్నును ఒక పెన్నీకి తగ్గించడంతో ఇంగ్రామ్‌కు దారి దొరికింది. అయినా 6 పెన్నీలంటే తక్కువేమీ కాదు. అప్పటి వ్యవసాయ కూలీ వారమంతా ఒళ్లు వంచితే వచ్చేది ఎనిమిది, పది షిల్లింగులు. అంటే ఒక్క ప్రతి ధర అతని వారం కూలిలో పదహారో వంతు నుంచి ఇరవయ్యో వంతు. ఇంగ్రామ్ పాఠకులు కలిగిన మధ్యతరగతివాళ్లు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, ఎవరి బాధ ఎలా బొమ్మకెక్కిందో అర్థం కావడానికి ఇది పనికొస్తుంది.

ఇక ఆ బొమ్మ తయారయ్యే తీరు. రాగిరేకు మీద చెక్కిన చిత్రం ఎంత నాజూకైనా దాన్ని అక్షరాలతో కలిపి అచ్చువేయడం కుదరదు. రాగిలో సిరా గాడిలో నిలుస్తుంది, టైపులో ఉబ్బెత్తు ముఖానికి అంటుతుంది. చెక్క బ్లాకు మాత్రం టైపు పక్కనే ఒదిగిపోతుంది. న్యూకాజిల్‌కు చెందిన థామస్ బ్యూయిక్ పద్దెనిమిదో శతాబ్దం చివర్లో బాక్స్‌వుడ్ దుంగను నిలువుగా కాకుండా అడ్డంగా కోసి, ఆ కోసిన ముఖం మీద సన్నని ఉలితో చెక్కే పద్ధతిని పైకి తెచ్చాడు. రాయిలాంటి ఆ గట్టి చెక్క మీద వెంట్రుకంత గీత కూడా నిలిచేది, వేలకువేల ప్రతులు తీసినా అరిగేది కాదు. చిక్కల్లా చెట్టుతోనే. బాక్స్‌వుడ్ పెద్ద మాను కాదు. దాని అడ్డుకోతలో మంచి ముక్క అరచేతిని మించితే గొప్ప. అందుకని చిన్న చిన్న ముక్కల్ని చేర్చి, వెనకవైపు బోల్టులతో బిగించి పేజీకి సరిపడా దిమ్మ చేసేవారు. రెండు పేజీల దృశ్యమైతే ముక్కలు డజన్లకొద్దీ ఉండేవి. దిమ్మ ముఖానికి తెల్లరంగు పూసి, దాని మీద చిత్రకారుడు కుడిఎడమలు తారుమారు చేసి బొమ్మ గీసేవాడు. ముక్కలు కలిసే అంచుల మీదుగా వెళ్లే గీతల్ని పెద్ద పనివాడు ముందుగానే చెక్కి ఉంచేవాడు. తర్వాత బోల్టులు విప్పి ముక్కకొకరు చొప్పున పంచేవారు. ఆకాశం ఒకరిది, గుర్రాలొకరివి, జనం మరొకరిది. దీపాల వెలుగులో రాత్రంతా చెక్కి, తెల్లవారేసరికి ముక్కలన్నీ మళ్లీ బిగిస్తే అచ్చుయంత్రానికి బ్లాకు సిద్ధం. ఆనాటి సంపుటాల్లో పెద్ద బొమ్మల్ని పరకాయించి చూస్తే ఆ అతుకులు ఇప్పటికీ పట్టిస్తాయి. బొమ్మ మధ్యగా ఆకాశాన్నీ గోడల్నీ తెంచుకుంటూ సన్నని తెల్లగీత నిటారుగా దిగుతుంది.

ఆ తెల్లగీత నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. ఒక మనిషి చూపులా పాఠకుడి ముందుకొచ్చిన బొమ్మ, నిజానికి పదిమంది పంచుకుని చేసిన పని అని అది ఒప్పేసుకుంటుంది. యుద్ధభూమిలోనో విదేశీ నగరంలోనో ఉన్న చిత్రకారుడు పంపేది చాలాసార్లు పెన్సిల్ గీతలే. పక్కన ‘ఇక్కడ పొగ’, ‘ఈ వరసలో ఇంకో యాభైమంది’ తరహా సూచనలు రాసేవాడు. లండన్‌లో మరొకరు దాన్ని పూర్తి చిత్రంగా దిమ్మ మీదికి ఎక్కించేవారు. చెక్కేవాళ్లు దానికి వెలుగునీడలు తెచ్చేవారు. చివరికి సంపాదకుడు కింద శీర్షిక రాసేవాడు. ఈ మజిలీల్లో ఏ ఒక్కటైనా దృశ్యాన్ని పెంచగలదు, తుంచగలదు. పత్రికవాళ్లు దీన్ని దాచలేదన్నది మరచిపోకూడదు. ఆ పత్రికలోనే చిత్రాల సంపాదకుడిగా పనిచేసిన మేసన్ జాక్సన్ 1885లో ‘ది పిక్టోరియల్ ప్రెస్’ అనే పుస్తకం రాసి ఈ పనులన్నీ వివరంగా చెప్పాడు.

మాట నిలబెట్టుకోవాలంటే మనుషుల్ని పంపక తప్పదు. ‘మా ప్రత్యేక చిత్రకారుడు అక్కడికక్కడే గీసినది’ అన్న వాక్యం బొమ్మల కింద కనిపించసాగింది, అదే పత్రిక పరపతి అయింది. 1854లో క్రిమియా యుద్ధం వచ్చేసరికి ఈ పద్ధతి కుదురుకుంది. ఆ పత్రిక కోసం అక్కడ గీసినవాళ్లలో కాన్‌స్టాంటిన్ గైస్ ఒకడు. తర్వాత ఫ్రెంచి కవి బోద్‌లేర్ ఆధునిక జీవితాన్ని గీసే చిత్రకారుడికి ఉదాహరణగా ఎంచుకున్నది ఇతన్నే. ఈలోగా నమూనా దేశాలు దాటింది. 1843లో పారిస్‌లో ‘ఇలుస్త్రాసియోఁ’, లైప్‌జిగ్‌లో ‘ఇలుస్ట్రిర్టె త్సైటుంగ్’ మొదలయ్యాయి. లండన్ పత్రికలో చెక్కుడు పని చూసిన హెన్రీ కార్టర్ ఫ్రాంక్ లెస్లీ అన్న పేరుతో న్యూయార్క్ చేరి 1855లో సొంత బొమ్మల వారపత్రిక పెట్టాడు. అదే ఏడాది బ్రిటన్‌లో స్టాంపు పన్ను రద్దయింది, 1861లో కాగితం పన్నూ పోయింది. రెండు పెన్నీల పోటీ పత్రికలు పుట్టుకొచ్చాయి. ఇంగ్రామ్ మాత్రం ఎంతోకాలం బతకలేదు. 1860లో అమెరికాలో మిషిగన్ సరస్సు మీద ‘లేడీ ఎల్గిన్’ ఓడ మునిగినప్పుడు పోయాడు.

చూసిన మనిషి ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఏమిటో హాంబర్గ్ బొమ్మ పక్కన ఐర్లండ్ బొమ్మలు పెడితే తెలుస్తుంది. బంగాళాదుంప పంటకు తెగులు పట్టి ఐర్లండ్ కరువులో మలమల మాడుతున్న రోజుల్లో, కార్క్ నగరపు చిత్రకారుడు జేమ్స్ మహోనీని పత్రిక పల్లెలకు పంపింది. అతని బొమ్మలూ రాతా 1847 ఫిబ్రవరి 13, 20 తేదీల సంచికల్లో వచ్చాయి. క్లొనకిల్టీ ఊళ్లో ఒక తల్లి చనిపోయిన పసిబిడ్డను చేతుల్లో పట్టుకుని, శవపేటికకు డబ్బులిమ్మని దారినపోయేవాళ్లను అడుగుతోంది. మరో బొమ్మలో కహెరా దగ్గర ఒక పిల్లా పిల్లవాడూ తినడానికేమైనా దొరుకుతుందేమోనని ఉత్త చేతులతో నేల వెదుకుతున్నారు. కళ్లతో చూసినవాడు గీసిన బొమ్మలివి. అయినా పరిశోధకులు ఒక లోపం పట్టుకున్నారు. ఆ పల్లెల్లో ఎముకల గూళ్లే మిగిలాయని రాత చెబుతుంటే, ఆ పిల్లల కాళ్లూ చేతులూ బొమ్మలో కాస్త కండపట్టే కనిపిస్తాయి. బొమ్మ మెత్తబడినచోట పక్కనున్న రాత ఆ లోటు పూడ్చింది. 1849 డిసెంబరు 22న అచ్చయిన బ్రిజెట్ ఓడానెల్ బొమ్మ ఇంకో అడుగు ముందుకు వేసింది. చిరుగుల బట్టల్లో ఇద్దరు పిల్లలతో నిలబడ్డ ఆమెకు అక్కడ పేరుంది. జ్వరంతో ఉన్న మనిషిని ఇల్లు ఖాళీ చేయించిన వైనం, పుట్టకుండానే పోయిన బిడ్డ, ఆకలికి పోయిన కొడుకు, ఇవన్నీ ఆమె సొంత మాటల్లోనే పత్రిక అచ్చువేసింది. ఆ శతాబ్దపు బొమ్మల పత్రిక ఇంతకన్నా నిజాయితీగా నిలబడిన పేజీ నాకు తెలియదు. చూసిన కళ్లు, బాధపడినవాళ్ల నోటిమాట, రెండూ ఒకేచోట ఉన్నాయి.

ఈ వాదనకు తొలి అభ్యంతరం ఆ కాలంలోనే వచ్చింది. బొమ్మ చదువును చంపుతుందనేది దాని సారం. వృద్ధకవి వర్డ్స్‌వర్త్ 1846లో బొమ్మల పుస్తకాల మీదా పత్రికల మీదా ఒక సానెట్టే రాశాడు. మనిషి భాషను సాధించుకున్నాక మళ్లీ మూగబొమ్మల దగ్గరికి పోవడం పసితనంలోకి జారిపోవడమేనని ఆయన బెంగ. ఆ బెంగను కొట్టిపారేయలేం. నెత్తురూ హత్యలూ ముఖచిత్రాలుగా వేసుకుని 1864లో మొదలైన ‘ఇలస్ట్రేటెడ్ పోలీస్ న్యూస్’ లాంటివి చూస్తే ఆయన భయపడ్డది జరిగిందనే అనిపిస్తుంది. అయితే ఇంగ్రామ్ పత్రికలో బొమ్మ రాతను తరిమేయలేదు. పేజీకి బొమ్మలతోపాటు ఒత్తుగా పేర్చిన చిన్న అక్షరాల కాలమ్‌లు ఉండేవి. పార్లమెంటు చర్చలు, విదేశీ వార్తలు, పుస్తక సమీక్షలు దండిగా వచ్చేవి. బొమ్మ కోసం పత్రిక తీసినవాళ్లు రాతలోకి దిగేవారు. మహోనీ పేజీల్లో చూశాం, రాత లేకపోతే ఆ బొమ్మ సగమే.

రెండో అభ్యంతరం ఫొటోగ్రఫీ వైపు నుంచి వస్తుంది. ఇన్ని చేతులు మారే చెక్కుడు బొమ్మ ఎక్కడ, కాంతి స్వయంగా గీసే ఫొటో ఎక్కడ? ఫొటోలు రాగానే నిజం గెలిచింది కదా? చరిత్ర అంత సులువుగా తేలనివ్వదు. 1855లో రోజర్ ఫెంటన్ క్రిమియా వెళ్లి మూడు వందలకు పైగా ఫొటోలు తీశాడు. అప్పటి గాజుపలకలు క్షణాల తరబడి వెలుగు తాగితే తప్ప బొమ్మ పట్టేవి కావు. కాబట్టి పోరు జరుగుతున్న దృశ్యం అతనికి చిక్కలేదు. అతని ఫొటోల్లో శవాలూ లేవు, గుడారాలూ అధికారులూ ఖాళీ లోయలూ ఉన్నాయి. ఒక లోయను అతను రెండుసార్లు తీశాడు. ఒకదానిలో ఫిరంగి గుండ్లు దారి పక్కనే ఉన్నాయి, రెండోదానిలో దారి మీద కూడా పరుచుకున్నాయి. రాళ్ల కదలికలు పోల్చి చూసినవాళ్లు, గుండ్లు తర్వాతే దారి మీదికి చేరాయని తేల్చారు. ఎవరు పేర్చారన్నది పక్కన పెట్టినా, కెమెరా ముందు కూడా చేతులు పనిచేస్తాయన్నది స్పష్టం. పైగా పత్రికలో అచ్చు కావాలంటే ఆ ఫొటోను మళ్లీ చెక్క మీదికి ఎత్తి చెక్కాల్సిందే. యుద్ధం ఊపిరాడకుండా సాగుతున్న ఘడియల్ని పాఠకుడి దాకా తెచ్చింది గైస్ లాంటివాళ్ల పెన్సిలే, కెమెరా కాదు.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది, మనకు నేరుగా తగిలేది. ఈ పత్రికలు సామ్రాజ్యపు కళ్లతో చూశాయనేది. అది నిజం. 1857లో ఉత్తర భారతంలో తిరుగుబాటు రేగినప్పుడు లండన్‌కు వార్త చేరడానికే వారాలు పట్టింది. అక్కడ నిలబడ్డ చిత్రకారుడు లేడు. పాత దృశ్యాలతో, ఊహలతో ఖాళీలు నింపారు. ఆ తర్వాత వచ్చిన జనరంజక చరిత్ర పుస్తకాల్లో ఊహించి చెక్కిన నరమేధం బొమ్మలు బ్రిటిష్ పాఠకుల కోపానికి ఆజ్యం పోశాయి. హాంబర్గ్‌లో ఇదే పని పెద్ద హాని చేయలేదు, ఇక్కడ చేసింది. ఆ తేడా ఏమాత్రం చిన్నది కాదు. ఇరవై ఏళ్ల తర్వాత 1876-78 మధ్య దక్షిణాన మహాకరువు విరుచుకుపడింది. బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాల తెలుగువాళ్లు ధాత కరువుగా చెప్పుకున్నది ఇదే. మద్రాసు ప్రెసిడెన్సీలోనూ చుట్టుపక్కలా కలిపి అరకోటికి పైగా జనం పోయారని చరిత్రకారుల అంచనా. 1877లో ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’, దాని పోటీ పత్రిక ‘గ్రాఫిక్’ రెండూ ఈ కరువు బొమ్మలు వేశాయి, వాటిలో కొన్ని ఫొటోల నుంచి చెక్కినవి. అక్టోబరు 20 నాటి ఒక బొమ్మలో బెంగళూరులో సాయం కోసం బక్కచిక్కిన జనం కాచుకుని కూర్చున్నారు. లండన్ మేయరు తెరిచిన సహాయనిధికి విరాళాలు వస్తున్న రోజులవి. ఆ డబ్బు కొందరి ప్రాణాలైనా నిలబెట్టింది, కాబట్టి అలాంటి బొమ్మలు వృథా అనలేం.

కానీ ఆ పేజీల్లో లేనిదేమిటో చూడండి. 1877 తొలినాళ్లలో, ప్రభుత్వం కరువు ప్రతినిధిగా పంపిన రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో కూలీల తిండిని రోజుకు ఒక పౌను గింజలకు, చేతికి ఒక అణాకు కోసేశాడు. ఆ తిండితో కష్టం చేసే మనిషి బతకడని మద్రాసు పారిశుద్ధ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా ఎదురు తిరిగాడు. అటు రేవుల నుంచి ధాన్యం ఎగుమతులు సాగుతూనే ఉన్నాయి. ఎండిన డొక్కను బొమ్మ చూపగలదు, కూలి కోసిన ఉత్తర్వును చూపలేదు. ఆ పని రాతది. ఐర్లండ్‌లో బ్రిజెట్ ఓడానెల్‌కు పేరూ మాటా దక్కాయి. బెంగళూరు బొమ్మలో కూర్చున్నవాళ్లు శీర్షికలో ‘స్థానికులు’ మాత్రమే. కడప రైతు గోడును అతని భాషలో విని రాసుకునే చెయ్యి ఆ గొలుసులో లేనే లేదు. అందుకే సామ్రాజ్యపు చూపు అన్న విమర్శ నా వాదనను కూలదోయదు, దాన్ని ఇంకా పదును పెడుతుంది. బొమ్మలు అబద్ధాలని కోప్పడి ఊరుకుంటే ఏ చెయ్యి లోపించిందో మనకు కనిపించకుండా పోతుంది.

ఇదే గొలుసు సరిగ్గా పనిచేస్తే ఏమవుతుందో ‘గ్రాఫిక్’ చూపించింది. చెక్కుడు పనివాడైన విలియం లూసన్ థామస్, చిత్రకారులకు ఎక్కువ స్వేచ్ఛ ఇవ్వాలన్న పట్టుదలతో 1869 డిసెంబరు 4న ఆ పత్రిక తెచ్చాడు. మొదటి సంచికలోనే ల్యూక్ ఫిల్డ్స్ గీసిన ‘హౌస్‌లెస్ అండ్ హంగ్రీ’ అచ్చయింది. గూడులేని పేదలు మంచు కురిసే రాత్రి ఒక్కపూట ఆశ్రయం చీటీ కోసం పోలీసు స్టేషను గోడ వెంట వరసగా నిలబడి ఉంటారు. అది చూసే ఛార్లెస్ డికెన్స్ తన చివరి నవలకు బొమ్మలు గీయమని ఫిల్డ్స్‌ను పిలిచాడు. ఆ దృశ్యాన్నే ఫిల్డ్స్ పెద్ద తైలచిత్రంగా వేసి 1874లో రాయల్ అకాడమీలో పెడితే, తోసుకొచ్చే జనాన్ని ఆపడానికి అడ్డుకంచె కట్టాల్సివచ్చింది. 1883 మొదట్లో హేగ్‌లో చేతిలో చిల్లిగవ్వ ఆడని విన్సెంట్ వాన్‌గో ‘గ్రాఫిక్’ సంపుటాలు 21 కొనుక్కుని వాటి ముందు కూర్చుని చెక్కుడు గీతలు చదువుకున్నాడు. ఆరు పెన్నీలు పెట్టగలిగిన పాఠకుల ఇళ్లలోకి, వాళ్లు వీధిలో తప్పుకుని పోయే మనుషులు ఇలా నడిచివచ్చారు.

1880ల్లో హాఫ్‌టోన్ వచ్చి ఈ చెక్కుడు లోకాన్ని మెల్లగా తుడిచిపెట్టింది. సన్నని జల్లెడ గుండా ఫొటోను చుక్కలుగా విడగొట్టి లోహపు బ్లాకు మీదికి దింపే పద్ధతి అది. 1890 జనవరిలో థామసే బొమ్మల దినపత్రిక ‘డైలీ గ్రాఫిక్’ ప్రారంభించాడు. కొన్నేళ్లలోనే బాక్స్‌వుడ్ దిమ్మలు మూలపడ్డాయి. చెక్కినవాళ్లు చాలావరకు వేరే పనులు వెతుక్కున్నారు. చెక్కుడు బొమ్మకు అడుగున ఒక మూల గీసినవాడి సంతకం, ఇంకో మూల చెక్కిన సంస్థ పేరు ఉండేవి. కింద ‘మా చిత్రకారుడి స్కెచ్ నుంచి’ అనో, ‘ఫొటో నుంచి’ అనో రాసేవారు. కొత్త చుక్కల బొమ్మలో ఈ జాడలు పలచబడ్డాయి. ఫొటో మీద కుంచెతో నేపథ్యం చెరిపినవాడు, అంచు కోసినవాడు, ముఖం తేటపరిచినవాడు ఇంకా బ్లాకుల గదిలోనే ఉన్నారు, వాళ్ల పేర్లు మాత్రం పేజీ మీదికి రాలేదు.